టోక్యో నుంచి టొరంటో దాకా ఒక దారం

ఈ సంగతి నేను రాయకపోతే తెర మీద ఉన్న అబద్ధమే నిజంగా మిగిలిపోతుంది. ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఇద్దరు పోయారు. మిగిలినవాళ్ళని అడిగి చూశాను, ఎవరికీ గుర్తు లేదు. గుర్తున్నది ఇద్దరికే, నాకూ, అప్పుడు మా స్క్రిప్టులు టైపు చేసిన ఆవిడకీ. ఆవిడ చెప్పదు. చెప్పాల్సినవాణ్ణి నేనే.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం భోజనాల వేళ టీవీలో ఒక పాత సినిమా మొదలైంది. దాని కోసం ఎవరం కూర్చోలేదు. వార్తల కోసం ఛానెళ్ళు మారుస్తుంటే తగిలింది. పేర్లు పడుతున్నాయి. "సమాచార సహకారం" అని ఒక కార్డు, దాని కింద ఇంటిపేరుతో సహా నా పేరు. నాలుగు సెకన్లు ఉండి ఉంటుంది. మా ఆవిడ పప్పుగిన్నె చేతిలో పట్టుకునే "ఏవండీ, మీ పేరు!" అంది. సెలవులకి వచ్చిన మనవరాలు గబుక్కున లేచి టీవీ దగ్గరికి పరుగెత్తింది. అప్పటికే కార్డు మారిపోయింది.

"సమాచారం అంటే ఏం చెప్పావు తాతయ్యా?"

"టోక్యో నుంచి టొరంటోకి విమానం ఎంత దూరం ఎగరాలో చెప్పాను."

"నువ్వే లెక్క కట్టావా?"

"ఆఁ" అన్నాను.

ఇరవై ఏళ్ళకు పైగా ఆ అబద్ధాన్ని మాట్లాడకుండా దాచుకున్నాను. ఆ మధ్యాహ్నం దాన్ని నోటితో మళ్ళీ చెప్పాను, అదీ ఎనిమిదో తరగతి చదివే పిల్లకి. మర్నాడు పొద్దున్నే ఈ నోటుబుక్కు తెరిచాను.

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. సినిమాలకు రాయాలని కోస్తా నుంచి వచ్చి, కృష్ణానగర్‌లో ఒక గదిలో మరో ముగ్గురితో సర్దుకున్నాను. రాసే అవకాశం దొరకలేదు. యూసఫ్‌గూడ వైపు ఒక చిన్న శాఖా గ్రంథాలయం మాత్రం దొరికింది. శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో తలుపు తీసేవేళకి మెట్ల మీద నేను ఉండేవాణ్ణి. వరి తెగుళ్ళ పుస్తకం దగ్గర్నుంచి నక్షత్రాల పుస్తకం దాకా బీరువాల వరస ప్రకారం చదివాను. తెలిసిన ప్రతి ముక్కనీ పొడుగు నోటుబుక్కుల్లో ఎత్తి రాసుకున్నాను. అలాంటివి పదకొండు నిండాయి.

ఆ నోటుబుక్కులే నాకు తిండి పెట్టాయి. సినిమాకి కథ ఖాయం చేసేముందు నెలల తరబడి కథా చర్చలని జరుగుతాయి. దర్శకుడు, నిర్మాత, కో-డైరెక్టరు, ఇద్దరు ముగ్గురు రచయితలు ఒక ఇల్లు అద్దెకి తీసుకుని కూర్చుంటారు. ఆ కూర్చున్నవాళ్ళలో నన్నూ ఒకణ్ణి చేశారు. కోర్టులో ముందు ఎవరు లేస్తారు, పాము కరిస్తే ఎంతసేపట్లో మత్తు వస్తుంది, ఇలాంటివి అడిగితే చెప్పడం నా పని. "లైబ్రరీ గారూ" అని పిలిచేవారు. డిగ్రీలు ఉన్నవాళ్ళు నోరు మూసుకుని నేను చెప్పింది రాసుకుంటుంటే, ఆ పిలుపు నాకు బిరుదులా అనిపించేది.

నేను చెబుతున్న సినిమాకి జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళా కింది అంతస్తు తీసుకున్నారు. హాల్లో నేల మీద పరుపులు, బాలీసులు, ఫ్లాస్కులో టీ. కిటికీలోంచి చూస్తే బండలు పగలగొడుతున్న కొండ. ఆ కొండకి అవతలి వైపు అద్దాల భవనాలు లేస్తున్నాయి. ముందు ఏడాది దాకా ఆటోలు నడిపిన మా కథల్లోని హీరోలందరూ ఒక్కసారిగా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు అయిపోయారు. వాళ్ళు ఆఫీసులో ఏం చేస్తారో మాలో ఒక్కరికీ తెలీదు. మీటలు టకటకా కొట్టి కుర్చీలోంచి లేచి చప్పట్లు కొడితే పని అయిపోయినట్టే రాసుకునేవాళ్ళం.

హాలు పక్కన ఒక గదిలో కంప్యూటరు పెట్టారు. అక్కడ స్క్రిప్టు టైపు చేసే ఆవిడ కూర్చునేది. ముప్పై అయిదు దాటి ఉంటాయి. ఈ ఊరి మనిషి. అంతకు ముందు మధురానగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పింది. ఆ స్కూలు మూసేశాక కృష్ణానగర్‌లో ఒక టైపింగు షాపు పెట్టుకుంది. అందరూ ఆవిడని టీచరమ్మ అనేవాళ్ళు, కొంచెం మర్యాదగా, కొంచెం ఎగతాళిగా.

మా స్క్రిప్టుల్లో తెలంగాణ మాట మాట్లాడేది ఎప్పుడూ రౌడీ పక్కన ఉండేవాడో, హాస్యగాడో. ఆ మాటలు రాసేది మాలాంటి కోస్తావాళ్ళం. ఒకసారి ఆవిడ టైపు చేసిన కాగితాలు తెచ్చి దర్శకుడికి ఇస్తూ అంది: "సార్, గీ మాటలు మా దిక్కు ఎవ్వరు గిట్ల అనరు. జర మార్చి కొట్టిన. కోపం చేయకుండ్రి."

దర్శకుడు చదివాడు. రెండో పేజీకి పెద్దగా నవ్వాడు. "బాగున్నాయే! ఎవరన్నా నేర్పారా?"

"మా చిన్నమ్మ గట్లనే తిడ్తది సార్."

"మరి రాయొచ్చుగా నువ్వు?"

"కూసోబెడితే రాస్త సార్. మూడేండ్లసంది మంది రాసింది కొడుతున్న. అచ్చరం తప్పు పోతే దిద్దుతున్న, మాట తప్పు పోతే ఊకుంటున్న."

ఆయన అందరి ముందూ అన్నాడు: "సరేనమ్మా. ఈ కథలో ఎక్కడన్నా ఒక్క ముడి విప్పు. ఆ రోజు నుంచి నువ్వు టైపు మనిషివి కాదు, మాతో కూర్చుంటావు. తెర మీద పేరు కూడా వేస్తాను."

మేమంతా విన్నాం. ఆవిడ ఆ మాటని ఎంత గట్టిగా పట్టుకుందో నాకు తెలుసు. ఆ తర్వాత రోజూ మాకంటే గంట ముందే వచ్చి, ముందురోజు సీన్లు ఒక్కతీ కూర్చుని చదువుకునేది. నేను రెండుసార్లు చూశాను. నాకు అంత నచ్చలేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఆ ఇంట్లో చదివి తెలుసుకున్న మనిషిగా నేనొక్కణ్ణే ఉండాలనుకునేవాణ్ణి.

ముడి ఇంటర్వెల్ దగ్గర పడింది. హీరో టోక్యోలో ఉన్నాడు. హీరోయిన్ టొరంటో ఎయిర్‌పోర్టులో ఉంది. పదిహేను గంటల్లో ఆమె అక్కడి నుంచి మరో విమానం ఎక్కి ఇక దొరకకుండా పోతుంది. హీరో ఈ లోపల చేరగలడా? పన్నెండు గంటల్లో చేరితే, చివరి మూడు గంటలూ ఎయిర్‌పోర్టులో నడిచే సీను ఉంది. దర్శకుడికి ప్రాణమైన సీను అది. చేరలేకపోతే కథే మార్చాలి. అది ఆదివారం. టికెట్లు చూసే ట్రావెల్స్ ఆఫీసు మూసి ఉంది. సాయంత్రం అయిదింటికి, హీరోగా వేసే నటుడి ఇంట్లో కథ వినిపించాలి. ఆ హీరో ప్రతిదానికీ "ఎన్ని గంటలు పడుతుంది?" అని అడిగే రకం.

దర్శకుడు నా వైపు చూశాడు. "లైబ్రరీ గారూ, మీరే దిక్కు."

నేను సిద్ధంగానే ఉన్నాను. శనివారమే లైబ్రేరియన్ గారిని బతిమాలి పెద్ద అట్లాసు తెచ్చుకున్నాను. రిఫరెన్సు పుస్తకాలు ఇంటికి ఇవ్వరు. నా మీద నమ్మకంతో ఇచ్చారు. పరుపు మీద ప్రపంచ పటం పరిచాను. బాలీసు కుట్టులోంచి ఒక దారం లాగాను. అందరూ చుట్టూ చేరారు.

"మామూలు మనిషైతే ఇక్కడ పొరపాటు పడతాడండీ" అన్నాను. "జపాన్ పటానికి కుడి చివర ఉంది, కెనడా ఎడమ పక్కన ఉంది. మధ్యలో ఆసియా, యూరపు అన్నీ దాటాలనుకుంటాడు. కానీ భూమి గుండ్రం. కుడి అంచూ ఎడమ అంచూ ఒకటే."

"ఓహో" అన్నాడు నిర్మాత.

టోక్యో నుంచి కుడి అంచుకి అయిదున్నర సెంటీమీటర్లు. ఎడమ అంచు నుంచి టొరంటోకి పద్నాలుగు. పటం కింద గీసిన స్కేలు ప్రకారం సెంటీమీటరుకి ఎనిమిది వందల కిలోమీటర్లు. మొత్తం పదిహేను వేల ఆరు వందలు. విమానం గంటకి తొమ్మిది వందలు వెళ్తుందని నోటుబుక్కులో ఉంది. పదిహేడు గంటల పైమాట.

"చేరలేడండీ" అన్నాను, డాక్టరు బయటికి వచ్చి చెప్పినట్టు.

దర్శకుడు తల పట్టుకున్నాడు. అప్పుడు పక్క గది గుమ్మంలోంచి మాట వచ్చింది.

"సార్, గట్ల కాదు. చేరుకుంటడు. పది వేల మూడు వందలే."

టీచరమ్మ ఒక చేతిలో కాగితం, ఇంకో చేతిలో దారం చుట్టిన గ్లోబు పట్టుకుని నిలబడి ఉంది. పాత సినిమాల సెట్ల మీద వాడిన సామాను, మేం ప్రాపర్టీ అంటాం, అంతా ఆ గదిలోనే పడేసి ఉండేది. వైరు లేని టెలిఫోన్లు, వీపు మాత్రమే ఉండి లోపల కాగితాలు లేని లా పుస్తకాలు, థర్మకోల్ దేవుడు. ఆ గ్లోబు కూడా అంతకు ముందు సినిమాలో హీరోయిన్ తండ్రి బల్ల మీద ఉండేది.

"ఎట్లా చెబుతున్నావు?" అన్నాడు దర్శకుడు.

"మీరు కాయితం మీద కొలిచిండ్రు సార్. విమానం కాయితం మీద పోదు గద. గోళం మీద దారం పెట్టి గట్టిగ గుంజుండ్రి, పైకి జరుగుతది. అలాస్కా మీదికెళ్ళి పోతది. చూడుండ్రి, దారం భూమి చుట్టుకొలతల పావు కన్న జర ఎక్కువ. చుట్టుకొలత నలబై వేలు. పావంటే పది వేలు. కాయితం మీద గూడ లెక్క కట్టిన, పది వేల మూడు వందలు వచ్చింది."

ఇది రాస్తూ ఉంటే ఆ లెక్క ఎంత తేలికో నాకే ఆశ్చర్యంగా ఉంది. ఒక దారం, ఒక పావు. అయినా ఆ రోజు మాకెవరికీ తలకెక్కలేదు. నిర్మాత గారు అంతకు ముందు రోడ్ల కాంట్రాక్టులు చేసిన మనిషి. "ఏంటమ్మా ఇది! టోక్యో, టొరంటో పక్కపక్క వరసలో ఉన్నాయి కదా. పైకి అలాస్కా దాకా ఎక్కి దిగితే దగ్గరవుతుందా? నేను రోడ్లు వేసినవాణ్ణి. వంకర రోడ్డు దగ్గర దారి అవడం నేనెక్కడా చూడలేదు."

"వంకర గాదు సార్, గదే సక్కటి దారి. కాయితం మీదనే వంకర కొడతది."

అందరూ నా వైపు చూశారు. నిజం చెప్పాలంటే ఆ మాటకి నాలో ఏదో కదిలింది. గోళం మీది దారుల గురించి ఎక్కడో చదివిన గుర్తు. ఒక్క నిమిషం ఆగి ఆ గ్లోబు చేతిలోకి తీసుకుంటే తెలిసిపోయేది. తీసుకోలేదు. దాన్ని చూపించి అన్నాను: "అది ప్రాపర్టీ గ్లోబండీ. దాని మీద ఏ దేశం ఎక్కడ అంటించారో దేవుడికే తెలియాలి. ఇది అట్లాసు."

అంతే, హాలంతా నవ్వింది. మా పని అలాంటిది. రాయి అంటే థర్మకోలు, రక్తం అంటే రంగు. మా దగ్గరున్న వస్తువు ఏదైనా నకిలీదే అయి ఉంటుందని మాకు గట్టి నమ్మకం. ఇంకెక్కడైనా గ్లోబుని గ్లోబుగానే చూసేవాళ్ళు.

కో-డైరెక్టరు ఊరుకోలేదు. "టీచరమ్మా, ఆ పక్కన ఫోన్ కూడా ఉంది, తీసుకురా. టొరంటోకి కొట్టి అడుగుదాం."

మళ్ళీ నవ్వులు. ఆవిడ నవ్వలేదు. "ఫోన్ నకిలీది గావచ్చు సార్. భూమి గుండ్రంగ ఉండుడు నకిలీ గాదు గద" అంది. నా వైపే చూస్తూ అంది. కొంచెం ముందు ఆ ముక్క చెప్పి మెప్పు పొందింది నేనే మరి.

అట్లాసు దగ్గరికి లాక్కున్నాను. "టైపింగు వేరు, పఠనం వేరమ్మా" అన్నాను.

ఈ వాక్యాన్ని నేను చాలాసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. ఇంతకంటే మెత్తగా అన్నానేమోనని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. లేదు, ఇలాగే అన్నాను. అదే లెక్క కోస్తా మాటలో, ఇంగ్లీషు పదాలు నాలుగు కలిపి ఎవరైనా కుర్రాడు చెప్పి ఉంటే, ఆ గ్లోబుని తిప్పి చూసేవాణ్ణి. అది కూడా నాకు తెలుసు.

దర్శకుడికి టైము లేదు. "సరే, కథ మారుద్దాం. అమ్మా, నువ్వు వెళ్ళి టైపింగ్ చూసుకో" అన్నాడు. సాయంత్రం వెళ్ళేముందు ఇంకో మాట కూడా అన్నాడు: రేపట్నుంచి కాగితాలు షాపుకే పంపిస్తాం, ఇక్కడికి రానక్కర్లేదు అని. ఆవిడ గ్లోబుని తీసుకెళ్ళి దాని చోట్లో పెట్టి, దారం చుట్ట చుట్టి కాగితాల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మార్చిన కథలో హీరో సింగపూర్ నుంచి చెన్నైకి వెళ్తాడు. సాయంత్రం ఆ నటుడు విని "బస్సులో వెళ్ళినట్టుంది" అన్నాడట.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి అట్లాసు తిరిగి ఇవ్వడానికి లైబ్రరీకి వెళ్ళాను. ఇచ్చేముందు, గెలిచిన చోటుని ఇంకోసారి చూసుకోవాలన్న సరదాతో ప్రపంచ పటం తెరిచాను. స్కేలు గీత కింద చీమ తలకాయలంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఈ స్కేలు భూమధ్యరేఖ దగ్గర మాత్రమే సరిపోతుందని, ఉత్తరానికీ దక్షిణానికీ జరిగేకొద్దీ పటం సాగుతుందని. మళ్ళీ చదివాను. పదకొండు నోటుబుక్కుల మనిషిని, కళ్ళ ముందున్న వాక్యం చదవలేదు.

లైబ్రేరియన్ గారి అద్దాల బీరువాలో ఒక గ్లోబు ఉండేది. తాళం తీయమని అడిగాను. ఆయన దగ్గరే దారం తీసుకుని కొలిచాను. పావు కన్నా కొంచెం ఎక్కువ. దారం అలాస్కా మీద పడుకుంది.

పది గంటలకి జూబ్లీ హిల్స్ బంగళాలో దర్శకుడి ముందు కూర్చుని ఉన్నాను. ఆయన ముఖం వాడిపోయి ఉంది. ట్రావెల్స్ వాళ్ళు మధ్యాహ్నం తెరుస్తారు. అప్పుడు అసలు సంగతి ఎలాగూ బయటపడుతుంది, నా పరువు పోతుంది. ముందే నేను చెబితే పోదు. దారంతా నేను ఆలోచించింది ఇది ఒక్కటే, ఆవిడ గురించి కాదు.

"సార్, పొద్దున్నే మళ్ళీ లెక్క చూశాను. పటం మీద కొలవకూడదు, గోళం మీద కొలవాలి. పది వేల మూడు వందలు. పన్నెండు గంటల్లోపు చేరతాడు. మీ సీను మీకు ఉంటుంది."

ఆయన లేచి నిలబడ్డాడు. "నిజంగానా?" తర్వాత కాస్త ఆగి, "అంటే నిన్న టీచరమ్మ చెప్పిందే కరెక్టా?" అన్నాడు.

ఆయన అడిగాడు. నేను మర్చిపోలేనిది ఇదే. ఎవరూ అడగలేదు, అందుకే చెప్పలేదు అనడానికి నాకు వీలు లేదు. "అవును సార్" అంటే చాలు, ఆ మధ్యాహ్నమే ఆవిడకి కబురు వెళ్ళేది. ఆ పరుపుల మధ్య ఆవిడకి ఒక కుర్చీ పడేది. ఆయన ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు.

"ఆవిడేదో అంచనాగా అంది సార్. నేను లెక్క కట్టి చూశాను" అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడే వచ్చిన నిర్మాతతో అన్నాడు: "చూశారా అండీ, చదువంటే ఇది. నిన్న తాను చెప్పింది తప్పని తానే వచ్చి ఒప్పుకున్నాడు. ఎంతమందికుంటుంది ఈ నిజాయితీ?"

ఆ మాట నేను తలవంచుకుని విన్నాను. వినయం అనుకున్నారు.

మధ్యాహ్నం ట్రావెల్స్ వాళ్ళు కూడా పన్నెండు గంటలే అన్నారు. సినిమా తయారైంది. ఎయిర్‌పోర్టు సీను బాగుందని అందరూ అన్నారు. విడుదలకి ముందు తెర మీద వేయాల్సిన పేర్ల జాబితా ఒకరోజు నా చేతికిచ్చి, టైపు చేయించి తెమ్మన్నారు. దగ్గర్లో ఉన్నది ఆవిడ షాపే. వేరే చోటికి వెళ్దామనుకున్నాను. "టీచరమ్మైతే తప్పులు పోవు" అని కో-డైరెక్టరే అక్కడికి పంపాడు.

కృష్ణానగర్ సందులో మేడ మెట్ల కింద చిన్న గది. జిరాక్సు మిషను, కంప్యూటరు, ఒక స్టూలు. ఆవిడ నన్ను చూసి "రాండ్రి సార్, కూసోండ్రి" అంది, ఎప్పటిలాగే. జాబితా తీసుకుని టైపు చేయడం మొదలుపెట్టింది. నేను వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. మీటల చప్పుడు ఒకచోట ఆగింది.

"సార్."

"ఆఁ."

"సమాచార సహకారం అని గీడ మీ పేరుంది. ఇంటిపేరు ముందు పెట్టాల్నా, ఎనుక పెట్టాల్నా?"

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ జాబితాలో నా పేరు ఎందుకుందో ఆవిడకి తెలుసు. కృష్ణానగర్‌లో ఏ సంగతీ దాగదు. కాగితం నా చేతిలోకి లాక్కుని ఆ పేరు కొట్టేసి ఆవిడ పేరు రాయొచ్చు. పెన్ను నా జేబులోనే ఉంది.

"ముందు పెట్టండి" అన్నాను.

"మంచిది సార్" అని ముందు పెట్టింది.

ఇదీ జరిగింది. ఆ తర్వాత నేను సినిమాలు వదిలి ఒక పుస్తకాల షాపులో కుదిరాను. ఆవిడ ఇంకెప్పుడూ సినిమావాళ్ళతో కూర్చోలేదని విన్నాను.

టీవీలో ఆ కార్డు చూసిన వారం తర్వాత ఆవిడని వెతుక్కుంటూ వెళ్ళాను. మెట్ల కింద గదిలో ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. పక్కన టైలరు చెప్పాడు, మధురానగర్‌లో ఉంటున్నారని. మేడ మీద గది, గోడకి నల్లబోర్డు. ట్యూషన్ పిల్లలు అప్పుడే దిగి వెళ్తున్నారు. ఆవిడ జుట్టు నెరిసింది. నన్ను వెంటనే గుర్తుపట్టింది.

"లైబ్రరీ సార్! ఏంది, గిట్ల దారి తప్పిండ్రు?"

టీ ఇచ్చింది. మూడు గుటకలు తాగాక చెప్పాను, సోమవారం పొద్దున దర్శకుడు ఏం అడిగాడో, నేను ఏం అన్నానో. ఆవిడకి నా పేరు కార్డు మీదికి ఎక్కిందని తెలుసు గానీ, ఆయన తన గురించి అడిగాడని తెలీదు.

"అడిగిండా ఆయన? నిజంగ అడిగిండా?"

"అడిగాడమ్మా."

లేచి బోర్డు తుడవడం మొదలుపెట్టింది. "ఆయన మర్చిపోయిండేమో అనుకున్న ఇన్నేండ్లు. ఆయన మీదనే కోపం పెట్టుకున్న" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "గప్పుడు చెప్పాల్సి ఉండె సార్."

"క్షమించమని అడగడానికి వచ్చాను."

"అడగకుండ్రి. నేను ఊకె ఊకె మాఫ్ చేసే మనిషిని గాదు."

ఇదంతా రాద్దామనుకుంటున్నానని, ఆ లెక్క ఎవరిదో ఆవిడ పేరుతో సహా అచ్చు వేయిస్తానని చెప్పాను. ఆవిడ నవ్వింది, ఆ ఆదివారం నవ్వనిది.

"వద్దు సార్. నా పేరు మీరు రాస్తే, ఎంత మంచోడో అని మళ్ల మీకే పేరొస్తది. రాసుకోండ్రి, నా పేరు మాత్రం లేకుంట."

లేచి వస్తుంటే మెట్ల దాకా వచ్చి, "గా గ్లోబు ఏమైంది సార్?" అని అడిగింది. తెలుసుకుని చెబుతానన్నాను. ఆ ప్రాపర్టీ షాపాయన ఇంకా ఫిల్మ్‌నగర్‌లోనే ఉన్నాడు. గ్లోబు ఎప్పుడో పగిలిపోయిందట. "అది నకిలీది కదా?" అని అడిగితే నన్ను వింతగా చూశాడు. "గ్లోబు నకిలీది ఎవడు చేయిస్తాడండీ? దానికే ఎక్కువ అవుతుంది. స్కూలు పుస్తకాల షాపులో కొన్నాను."

ఆవిడకి ఫోన్ చేసి ఆ మాట చెప్పాను. "నాకెరుక సార్" అని పెట్టేసింది.

ఇలాంటి రాతల చివర, సాయం చేసినవాళ్ళ పేర్లు రాసి కృతజ్ఞతలు చెప్పడం మర్యాద. పేర్లు వేసే అర్హత నాకు పోయింది కాబట్టి, పేర్లు లేకుండానే చెప్పుకుంటాను. ఇవ్వకూడని పుస్తకం నమ్మి ఇచ్చిన లైబ్రేరియన్ గారికి. పటం కింద చిన్న అక్షరాల్లో నిజం రాసిపెట్టిన, నేనెన్నడూ చూడని మనిషికి. నకిలీ సామాన్ల మధ్య ఒక అసలు గ్లోబుని ఉంచిన ప్రాపర్టీ షాపాయనకి. అవకాశం ఇచ్చి అడిగిన దర్శకుడికి. ఆయన ఇప్పుడు లేరు. ఇదంతా చదివి "రాసింది మంచిదే" అన్న మా ఆవిడకి.

మనవరాలికి కూడా. సెలవులు అయిపోయి వెళ్ళే రోజు దాన్ని కూర్చోబెట్టి, లెక్క కట్టింది నేను కాదని చెప్పాను. వెంటనే అది "మరి ఆవిడ పేరేంటి?" అంది. ఆవిడ రాయొద్దంది గానీ చెప్పొద్దనలేదు. చెప్పాను. ఇంటిపేరు ముందు పెట్టి, రెండుసార్లు చెప్పాను.